హాల్ టికెట్ గుడికి వెళ్ళిన పొద్దున

డీఎస్సీ కోచింగు కోసం రాష్ట్రం నలుమూలల నుంచీ మా అవనిగడ్డకి వస్తారు. బ్యాగు, చాప, బకెట్టు పట్టుకుని బస్టాండులో దిగుతారు, టీచరు ఉద్యోగం కొట్టుకుని వెళ్ళిపోతారు. నేను ఆ ఊళ్ళోనే కాపురం ఉంటూ, వాళ్ళకి మా మేడ మీద గది అద్దెకిచ్చి, వాళ్ళు వదిలేసి వెళ్ళిన పుస్తకాలు చదివాను. నాకు మాత్రం రెండుసార్లు రాలేదు. మూడోసారి పరీక్ష రాయనే లేదు. పొద్దున్నే బయల్దేరిన బస్సు చల్లపల్లి దాటాక మొరాయించింది. ఆటో పట్టుకుని బందరు వెళ్ళేసరికి పరీక్ష పెట్టిన కాలేజీ గేటు మూసి నాలుగు నిమిషాలైంది. ఊచలు పట్టుకుని బతిమాలాను. లోపలున్నాయన నా మొహం వంక చూడకుండా తన వాచీ వంక చూసుకున్నాడు.

అందుకని నాలుగోసారి ముందు రోజే బందరు వెళ్ళి అక్కడే ఉంటానని ఇంట్లో ప్రకటించాను. వయసు లెక్క ప్రకారం నాకిదే ఆఖరి అవకాశం. ఇది పోతే ఇంక ప్రైవేటు స్కూల్లో, నా దగ్గర చదువుకున్న పిల్లలే వచ్చి నా మీద హెడ్డులయ్యేదాకా, అలా పాఠాలు చెప్పుకుంటూ కూర్చోవాలి.

మావారికి ఆఫీసులో సెలవు దొరకలేదు, పాపకి స్కూలు. "ఆడదానివి, ఒక్కదానివి హోటల్లో ఎలా పడుకుంటావు? నేనొస్తాను," అన్నారు అత్తయ్య. డెబ్భై దాటిన మనిషి, నాకు కాపలా.

ఆవిడ రావడం నాకు ఇష్టం లేదు. దాచుకోవడం ఎందుకు? మూడోసారి గేటు దగ్గర్నుంచి ఏడుస్తూ ఇంటికొచ్చిన రోజున ఆవిడ నా పక్కన కూర్చుని, "పోనీలే అమ్మా, వచ్చినా ఏ మూలో వేస్తారు, పిల్లని ఎవరు చూస్తారు," అన్నారు. ఓదార్పుగా అన్న మాటే కావచ్చు. నేను మాత్రం దాన్ని లోపల పెట్టుకుని, అన్నం ముద్ద పెట్టి పెంచినట్టు పెంచాను. ఈవిడకి నా ఉద్యోగం ఇష్టం లేదు, అంతే, అని నిర్ణయించేసుకున్నాను. మా మామగారు హెడ్మాస్టరుగా చేసి పోయారు. వాళ్ళింట్లో మగవాళ్ళందరూ మేష్టర్లే, గుమాస్తాలే. కోడలు కూడా సంతకం పెట్టి జీతం తీసుకోవడమంటే ఆవిడకి గిట్టదని నా లెక్క.

ఊళ్ళో లాడ్జీలన్నీ పరీక్షవాళ్ళతో నిండిపోయాయి. చివరికి మంగినపూడి బీచి రోడ్డులో ఒక చిన్న హోటల్లో గది దొరికింది. ఫోనులో ఫొటోలు చూస్తే కిటికీ నిండా సముద్రం. మా గది కిటికీ తీస్తే రొయ్యల చెరువు, అందులో నీళ్ళకి గాలి పట్టించడానికి గిరగిరా తిరిగే చక్రాలు, ఆ వాసన. కిటికీ దోమతెరకి పిడికిలి పట్టేంత కన్నం ఉంటే అత్తయ్య దాంట్లో నా పాత దుపట్టా కుక్కారు. బాత్రూములో మా ముందు దిగినవాళ్ళ ఇసుక ఇంకా ఉంది. కుళాయి నీళ్ళు ఉప్పు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. దుప్పటికి సిగరెట్టు కాల్చిన మచ్చ చూసి ఆవిడ సంచీలోంచి ఉతికిన చీర తీసి దాని మీద పరిచారు. మెట్ల దగ్గర గోడ మీద, "తడి బట్టలతో గదిలోకి రాకూడదు" అని ఎర్ర రంగుతో రాసి ఉంది. సాయంత్రమంతా తడి బట్టలవాళ్ళు ఆ అక్షరాల మీద చెయ్యి ఆనించే మెట్లెక్కారు. నేను శిశు వికాసం పుస్తకం తెరిచి ఒకే పేరాని అయిదుసార్లు చదివాను.

అత్తయ్యకి మాత్రం ఆ హోటలు పండగలా ఉంది. "రేపు పౌర్ణమి కూడానమ్మా. సముద్రం పక్కనే దిగి స్నానం చెయ్యకుండా ఎలా వెళ్తాం?"

"ఆటో ఏడింటికి వస్తుందండీ. స్నానాలవీ కుదరవు," అన్నాను.

ఆటో మా ఒక్కళ్ళకే కాదు. పక్క గదిలో గుడివాడ దగ్గర పల్లెటూరి నుంచి ఒక అమ్మాయి, వాళ్ళ నాన్న దిగారు. ఆ అమ్మాయిదీ నా పరీక్షే, నా కాలేజీయే. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడట. ఏ మాటా టైము చెప్పకుండా మొదలుపెట్టడు. "ఏడింటికి కదిలితే ఏడు నలభైకి కాలేజీ అండీ. ఎనిమిదిన్నరకి గేటు మూస్తారు. యాభై నిమిషాలు మన చేతిలో ఉంటాయి," అని నాకు లెక్క అప్పజెప్పాడు. చీకటి పడ్డాక గోడవతల ఆ తండ్రీకూతుళ్ళ ప్రార్థన వినిపించింది. ఆయన గొంతు, తర్వాత ఆ పిల్ల గొంతు, ఆమెన్. పుస్తకం చదువుతున్న నన్ను ఆపి మరీ అత్తయ్య విన్నారు. "ఎంత శ్రద్ధగా చేసుకుంటున్నారో చూడు. మనం కూడా హాల్ టికెట్ స్వామి దగ్గర పెట్టించుకోవాలి. వచ్చేటప్పుడు బీచి దారిలో శివాలయం చూశాను."

ఇది మా అత్తవారింటి ఆచారం. ఆ ఇంట్లో ఎవరికి పరీక్షయినా ఆ పొద్దున హాల్ టికెట్ గుడికి వెళ్ళాలి, దేవుడి పాదాల దగ్గర ఉండాలి, మూల పసుపు కుంకుమ అంటించుకుని తిరిగి రావాలి. మావారి ఏడో తరగతి నుంచి ఆయన డిపార్ట్‌మెంటు పరీక్షల దాకా అన్నీ అలా వెళ్ళి వచ్చినవే. నాకు కూడా మొదటి రెండుసార్లు వెళ్ళి వచ్చింది. మూడోసారి చీకట్నే బస్సెక్కడం వల్ల కుదరలేదు.

"ఈసారి వద్దండీ. గుడి ఎప్పుడు తీస్తారో ఏంటో. మీరు దాని జోలికి వెళ్ళకండి," అన్నాను, కాస్త గట్టిగానే.

"సరేలే," అన్నారు.

పొద్దున అయిదున్నరకి లేచి, అత్తయ్యని లేపడం ఎందుకని పుస్తకం తీసుకుని హోటలు డాబా మీదికి వెళ్ళాను. దిగి వచ్చేసరికి ఆరుంబావు. గదికి బయట గొళ్ళెం పెట్టి ఉంది, ఆవిడ లేరు. ఫోను మంచం పక్కన చార్జింగులో ఉంది. మాట వినకుండా సముద్రానికి వెళ్ళారు కదా అనుకుని పళ్ళు నూరుకుంటూ స్నానం చేశాను. తయారై, హ్యాండు బ్యాగులో ఫైలు సరిచూసుకుందామని జిప్పు తీశాను.

ఫైలు లేదు. హాల్ టికెట్, ఒరిజినల్ ఆధార్ కార్డు రెండూ అందులోనే. హాల్ టికెట్ అంటే ఏ నెట్ సెంటరులోనో మళ్ళీ తీసుకోవచ్చు, ఒరిజినల్ ఆధార్ లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. పరుపు ఎత్తాను. దిండ్లు దులిపాను. ఆవిడ సంచీ తీసి కింద బోర్లించాను; ఉతికిన జాకెట్టు, మందుల డబ్బా, జీడిపప్పు పొట్లం. టైము ఆరూ నలభై.

చెప్పులు కూడా వేసుకోకుండా బీచికి పరిగెత్తాను. అప్పటికే జనం. గుంపులు గుంపులుగా ఆడవాళ్ళు నీళ్ళలో కూర్చుని అల వచ్చినప్పుడల్లా లేస్తున్నారు. తడిసిన తెల్ల జుట్టు కనిపించిన ప్రతిచోటికీ పోయి మొహం చూశాను. అందరూ అత్తయ్యలాగే ఉన్నారు, ఎవరూ అత్తయ్య కాదు. టీ బండి దగ్గర ఒకావిడ నా తిరుగుడు చూసి, "ఎవరికోసమమ్మా?" అంది.

"మా అత్తగారండీ. చేతిలో ఫైలుంటుంది. నీలం రంగు, బటన్ ఉంటుంది పైన. లోపల కాగితం కనపడుతుంది."

"పెద్దావిడా? ఒక్కత్తే దిగిందా ఏంటి నీళ్ళలోకి? అటేపు లోతమ్మా. ముందు ఆ పోలీసుకి చెప్పు."

ఆవిడ మనిషి గురించి అడుగుతుంటే నేను ఫైలు గుర్తులు చెప్తున్నాను. ఒక ముసలావిడ ఒంటరిగా సముద్రానికి వెళ్ళి కనపడకపోతే ఏం జరిగి ఉండొచ్చో ఆ టీ కాచే ఆవిడ చెప్పేదాకా నాకు తట్టలేదు. తట్టాక పోలీసు కోసం చుట్టూ చూశాను. అయినా సరే, ఇప్పటికీ ఒప్పుకుంటాను, ఆ భయంలో కూడా సగం గేటు గురించే. పోలీసు ఔట్‌పోస్టు వైపు నాలుగడుగులు వేశానో లేదో, హోటలు వైపు నుంచి కండక్టరు గారు చెయ్యి ఊపుతూ వస్తున్నాడు.

"ఏడూ అయిదండీ. ఆటో వచ్చేసింది. మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాను."

"మా అత్తయ్య లేరండీ. నా ఫైలు కూడా..."

"అక్కగారా? ఆవిడ గుడికెళ్ళారు కదండీ. ఆరింటికి మా తలుపు కొట్టి మా అమ్మాయి హాల్ టికెట్ కూడా ఇమ్మన్నారు, రెండూ కలిపి పెట్టిస్తానని. మేం ప్రార్థన చేసుకున్నాం, పర్లేదండీ అన్నాను. మీకు చెప్పే తీసుకెళ్ళారనుకున్నానండీ."

ప్రాణం తేలికపడిన క్షణం ఒకటి ఉంది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

ఆటోలో ఆ అమ్మాయి అప్పటికే కూర్చుని ఉంది. గుడి ముందు ఆపించి లోపలికి ఉరికాను. చిన్న గుడి. మండపంలో అత్తయ్య చేతులు జోడించి నిలబడి ఉన్నారు. చుట్టూ పదిమంది దాకా భక్తులు. లోపల పంతులుగారు శివలింగానికి అభిషేకం చేస్తున్నారు. నా నీలం ఫైలు పానవట్టం పక్కన గోడకి చేరేసి ఉంది. దాని మీద నీళ్ళ చుక్కలు.

"అత్తయ్యా, ఏంటండీ ఇది?"

"వచ్చావా? ఇదిగో అయిపోతుంది. ఆయన ఆలస్యంగా వచ్చి తలుపులు తీశారమ్మా, లేకపోతే నువ్వు కిందికి దిగేలోపే వచ్చేసేదాన్ని. పది నిమిషాలు."

"పంతులుగారూ, నా ఫైలు ఇచ్చెయ్యండి. పరీక్షకి టైమైపోతోంది."

ఆయన మంత్రం ఆపకుండా ఎడమ చెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు ఊపారు. మధ్యలో ఆపకూడదు. నాకూ తెలుసు. నాకూ ఆ ఫైలుకీ మధ్య నాలుగు అడుగులు, ఒక గడప. వంగి చెయ్యి చాపితే అందేలా ఉంది. కానీ మా ఇళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళకి గర్భగుడి గడప దాటడం చేతకాదు. ఎవరూ అడ్డం రాలేదు, ఎవరూ పట్టుకోలేదు. నా కాళ్ళే ఆగిపోయాయి. నా ఉద్యోగం, నా ఆఖరి అవకాశం కళ్ళముందు తడుస్తుంటే కూడా ఆ గడప దగ్గర బొమ్మలా నిలబడ్డాను. బయట ఆటోవాడు హారన్ కొట్టాడు.

గడప దాటే ధైర్యం లేదు గానీ పక్కనున్న ముసలావిణ్ణి అనడానికి ధైర్యం పుట్టుకొచ్చింది.

"మీరు కావాలనే చేశారు," అన్నాను. గుడి కదా, గొంతు ఖంగుమంది. "నాకు ఉద్యోగం రావడం మీకు మొదట్నుంచీ ఇష్టం లేదు. పోయినసారి బస్సు ఆగిపోతే లోపల్లోపల సంతోషించారు. ఈసారి బస్సు లేదు కాబట్టి మీరే అడ్డం పడ్డారు. వద్దని చెప్పానా లేదా? దొంగలాగా నా బ్యాగులోంచి తీస్తారా? ఇంకెప్పుడూ నా కాగితాలు ముట్టుకోకండి. మీ చెయ్యి పడితే చాలు, నాశనమే."

భక్తులందరూ వెనక్కి తిరిగారు. పంతులుగారి గొంతు ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకుంది. అత్తయ్య జోడించిన చేతులు అలాగే ఉన్నాయి, వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు. తర్వాత గడప దగ్గరకి వెళ్ళి, వంగి, "పంతులుగారూ, ఆపి ఇచ్చెయ్యండి బాబూ. దోషమేదైనా ఉంటే నాది. అమ్మాయికి గేటు మూసేస్తారు," అన్నారు.

మాసశివరాత్రికీ సోమవారానికీ తప్పకుండా అభిషేకాలు చేయించే మనిషి, అభిషేకం మధ్యలో ఆపమని అడిగారు. ఆయన చెంబు కింద పెట్టారు. ఫైలు తుడిచి, అలవాటు కొద్దీ లోపలి కాగితం పైకి లాగి వేలితో ఇంత కుంకుమ అద్ది, నా చేతిలో పెట్టారు. నేను ఆవిడ మొహం చూడకుండా బయటికి వచ్చేశాను.

కండక్టరు గారు ఆటో దిగి నిలబడి ఉన్నాడు. గుడిలో మాటలు అక్కడికి వినపడే ఉంటాయి. "ఏడూ ఇరవై అయిదు. మీరిద్దరూ వెళ్ళండి. అక్కగారిని, సామాన్లని నేను తీసుకొస్తాను," అన్నాడు. కూతురికి ఆఖరి నిమిషంలో ధైర్యం చెప్పడానికి కాలేజీ దాకా రావలసిన తండ్రి. ఆ అమ్మాయి కూడా నా మూలంగా తనకీ ఆలస్యమైందని ఒక్క చూపు కూడా చూడలేదు. దారంతా హాల్ టికెట్ ఒళ్ళో పెట్టుకుని పెదవులు కదుపుతూనే ఉంది. ఊళ్ళోకి వచ్చాక సందు మలుపులో చేపల వ్యాను ఒకటి రోడ్డుకి అడ్డంగా తిరగబోయి ఇరుక్కుంది. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. మావాడు హారన్ కొడుతూనే ఉన్నాడు, ఇటు నేను నిమిషాలు లెక్కపెడుతూనే ఉన్నాను. వ్యాను కదిలేసరికి ఎనిమిదింబావు దాటింది.

గేటు మూయడానికి ఆరు నిమిషాల ముందు చేరాం. అమ్మాయి లోపలికి వెళ్ళిపోయింది. నా హాల్ టికెట్ దగ్గర స్కాన్ చేసే మెషిన్ ఆగిపోయింది. కుంకుమ సరిగ్గా బార్‌కోడ్ గీతల మీద పడింది. గేటు దగ్గరి మనిషి రెండుసార్లు పెట్టాడు, కూత లేదు. నా వెనకాల మనుషులు తోసుకుంటున్నారు. కొంగుతో తుడిస్తే ఎరుపు ఇంకా పరుచుకుంది. అయిపోయింది, ఆవిడ గెలిచింది అనుకున్నాను. అవే మాటలు అనుకున్నాను.

గేటు దగ్గరున్నాయన జేబురుమాలు నోటితో తడి చేసి, కాగితాన్ని మెల్లిగా ఒత్తి తుడిచాడు. "కంగారు పడకమ్మా. పొద్దున్నించి ఇట్టాంటివి ఎన్ని తుడిచానో. ఒకటి పసుపు, ఒకటి విభూది, ఒకటి సిలువ బొమ్మ అంటించుకొచ్చింది. మా ఇంట్లో కూడా ఇంతే," అన్నాడు. మూడోసారికి మెషిన్ కూత పెట్టింది.

పరీక్ష బాగా రాశాను. ఎలా రాశానో తెలియదు, చెయ్యి దానంతటది నడిచింది.

మధ్యాహ్నం బయటికి వచ్చేసరికి రోడ్డవతల టెంటు నీడలో అత్తయ్య, పక్కన మా రెండు సంచులు, కండక్టరు గారు. "అక్కగారు ఏమీ తినలేదండీ. మీరొచ్చాక తింటానన్నారు," అన్నాడు. ఆయన టైము చెప్పకుండా మాట్లాడిన మాట అదొక్కటే. అత్తయ్య ఇడ్లీ పొట్లం నా చేతిలో పెట్టి, "తిను. మొహం పీక్కుపోయింది," అన్నారు. పరీక్ష ఎలా రాశావని అడగలేదు. నేను గుడి సంగతి ఎత్తలేదు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. చల్లపల్లి దాటగానే క్షమించమని అడుగుదామనుకున్నాను. చల్లపల్లి వచ్చింది, మోపిదేవి వచ్చింది, పులిగడ్డ వచ్చింది. గుడిలో అంతమంది ముందు పెద్దగా అనగలిగిన దాన్ని, బస్సులో చెవి పక్కన నెమ్మదిగా అనలేకపోయాను.

ఇంటికొచ్చాక ఆవిడ ఎప్పటిలాగే ఉన్నారు. పాపకి జడలు వేశారు, మావారికి ఇష్టమని గుత్తివంకాయ కూర చేశారు, నాకు టీ ఇచ్చారు. ఆవిడ మరిచిపోయారనుకున్నాను. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాను.

ఫలితాలొచ్చాయి. నా పేరుంది. తర్వాత సర్టిఫికెట్ల పరిశీలన, ఆ తర్వాత ఎదురుచూపు, చివరికి ఒక సాయంత్రం పోస్టింగు ఆర్డరు. ఆ కాగితం పట్టుకుని ఇంటికి వస్తూ దారంతా ఒకటే అనుకున్నాను: దీన్ని ముందు ఆవిడ చేతిలో పెట్టాలి, దేవుడి దగ్గర ఆవిడ చేతే పెట్టించాలి. నేను నోటితో అడగలేని క్షమాపణ ఆ కాగితం అడుగుతుందని నా ఆశ.

వంటింటి గడపలో కూర్చుని గోంగూర వలుస్తున్నారు. "అత్తయ్యా, వచ్చేసింది. దేవుడి దగ్గర పెట్టండి," అని చాపాను.

ఆవిడ మొహం వెలిగింది. నిజంగా వెలిగింది, నేను కళ్ళారా చూశాను. లేచి, కొంగుతో చేతులు తుడుచుకున్నారు. చెయ్యి ముందుకొచ్చి ఆగిపోయింది.

"నువ్వే పెట్టుకోమ్మా."

"కాదండీ, మీరే పెట్టాలి."

"వద్దులే తల్లీ. నీ కాగితాలు నేను ముట్టుకోను." కోపం లేదు ఆ గొంతులో. నిష్ఠూరం లేదు. ఇంట్లో పంచదార లేదని చెప్పినట్టు చెప్పారు. "చూపించు, ఏ ఊరు వేశారో చదువుతాను."

ఆర్డరు బల్ల మీద పెట్టాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, బల్ల మీదికి వంగి, ఒక్క అక్షరం వదలకుండా నా పేరు దగ్గర్నుంచి చదివారు. తోట్లవల్లూరు మండలం అన్నచోట ఆగి, "పర్లేదు, మరీ దూరమేం కాదు. పిల్లని నేను చూసుకుంటాగా," అన్నారు. కింద గీత దాకా చదివి, చేతులు అలాగే వెనక కట్టుకుని, తలెత్తి నా వంక చూశారు.

"రెండో పేజీ తిప్పమ్మా," అన్నారు.